బనీ లక్లక్ వారి మనోభావాలు

బనీ లక్లక్ తెగవారి మనోభావాలు దెబ్బతిన్నాయన్న సంగతి పట్నంలో అందరికంటే ఆలస్యంగా తెలిసింది మిక్దాద్‌కే. శుక్రవారం పొద్దున రొట్టెలు తెద్దామని తలుపు తీసి బయటికొస్తే, ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో బారెడేసి అక్షరాలు కనిపించాయి. "ఇతడు మా తెగకు దోషి. ఈ ఇల్లు ఎవరూ కొనరాదు, అద్దెకు దిగరాదు." కింద బనీ లక్లక్ అని సంతకం. మా ఇరాక్ దక్షిణాదిన ఇది మామూలే. కోర్టు తాఖీదు రావడానికి ఏళ్లు పడుతుంది, గోడ తాఖీదు తెల్లారేసరికి అందుతుంది. అందుచేత మిక్దాద్ గోడను చూసి ఆశ్చర్యపోలేదు. సంతకం చూసి నోరు వెళ్లబెట్టాడు. బనీ లక్లక్ అనే తెగ ఈ భూమి మీద ఎక్కడా లేదు. కిందటి నెల కూలర్ల దుకాణంలో బేరాల్లేని ఒక మధ్యాహ్నం కూర్చుని, దాన్ని తనే పుట్టించాడు.

ఎందుకు పుట్టించాడో చెప్పాలి. మిక్దాద్ పగలంతా కూలర్లు అమ్మేవాడు. గురువారం సాయంత్రాలు మాత్రం నది ఒడ్డున పాత సినిమా హాలు వేదిక ఎక్కి జనాన్ని నవ్వించేవాడు. వారమంతా ఆ ఒక్క సాయంత్రం కోసమే బతికేవాడని వాళ్లమ్మ అనేది, అది నిజం. మొదట్లో పళ్ల డాక్టర్ల మీద చెప్పాడు. పళ్ల డాక్టర్ల సంఘం ఖండించింది. టీ కొట్లవాళ్ల మీద చెప్పాడు. వాళ్లు ఒకరోజు కొట్లు మూసేశారు, ఆ రోజు పట్నంలో తలనొప్పి లేని మనిషి లేడు. ఇద్దరు భార్యలున్నవాళ్ల మీద చెబితే వాళ్లు బృందంగా వచ్చి నిరసన తెలిపారు. మర్నాడు ఒక్క భార్య ఉన్నవాళ్లు వచ్చి, తమను వదిలేయడంలో అంతరార్థం ఏమిటని నిలదీశారు. మనవాళ్లయితే ఏమనుకోరులే అని చివరికి సొంత పెదనాన్న మీసం మీద చెప్పాడు. తండ్రి తరఫు తెగ అత్యవసరంగా సమావేశమై ఒక ప్రకటన అచ్చు వేయించింది. "మిక్దాద్‌కూ మాకూ ఏ సంబంధమూ లేదు. అతడి మంచికి మేము సంతోషించము, చెడుకు దుఃఖించము." సంతోషించకపోవడం వారికి కొత్త కాదు కాబట్టి ఆ సగం అప్పటికప్పుడే అమల్లోకి వచ్చింది.

తెగ వెలివేయడమంటే ఏమిటో మా వైపు వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఇక్కడ ఇద్దరు మనుషులు కలిస్తే పేరుకంటే ముందు అడిగేది "మీ చిన్నాన్నలెవరు?" అని. ఆ ప్రశ్నకు జవాబే తెగ పేరు. ఆ జవాబును బట్టే కుర్చీ, కాఫీ, పిల్లనివ్వడం, ఆస్పత్రిలో మంచం. జవాబు లేనివాడు దగ్గుతాడు. మిక్దాద్ అప్పటినుంచి దగ్గుతున్నాడు.

"మనుషులతో నీకెందుకురా తంటా?" అంది వాళ్లమ్మ ఉమ్ మిక్దాద్. "లేనివాళ్ల మీద చెప్పుకో. లేనివాళ్లు పోట్లాటకు రారు కదా."

ఆవిడ మాట బంగారమని మిక్దాద్ లేని తెగ ఒకదాన్ని పుట్టించి, దానికో షేక్‌ను, అంటే తెగ పెద్దను, ఇచ్చి, ఆ షేక్‌ను మొదటిసారిగా పట్నం తీసుకొచ్చాడు. కథ ఇంతే. బనీ లక్లక్ షేక్ కారు నడుపుకుంటూ కూడలికి వస్తాడు. ఎర్ర దీపం వెలుగుతుంది. షేక్ ఆగుతాడు. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు, రోడ్డు మీద పురుగు లేదు. కారు దిగి దీపస్తంభం దగ్గరికెళ్లి, "ఎవరి కోసం నన్ను నిలబెట్టావో వాడి పేరు చెప్పు. వాడి చిన్నాన్నలెవరో నేను కనుక్కుంటాను" అంటాడు. దీపం పలకదు. "నేను బనీ లక్లక్ షేక్‌ని!" అని మీసం మెలేస్తాడు. దీపం పచ్చబడుతుంది. షేక్ వెనక్కి తిరిగి, కారులో ఉన్న బంధువులతో, "చూశారా, భయపడింది. పాపం, వదిలేద్దాం, చిన్నపిల్ల" అంటాడు.

హాలు దద్దరిల్లింది. పళ్ల డాక్టర్లు, టీ కొట్లవాళ్లు, ఇద్దరు భార్యలవాళ్లు, ఒక్క భార్యవాళ్లు అందరూ కలిసి నవ్విన సాయంత్రం పట్నం చరిత్రలో అదొక్కటే. నవ్వింది తమ మీద కాదన్న ధీమా మనిషికి ఎంత ఆరోగ్యమో ఆ రోజు చూడవలసింది. ఆ తెగ మరీ కొత్తది గనుక, దాని తరఫున బాధపడే మనిషి పుట్టడానికి ఒక వారం పట్టింది.

ఆ మనిషి ముజ్బిల్. నీటి సరఫరా శాఖలో మీటర్లు చూసి రిటైరైనవాడు. పెళ్లికి వెళ్లినా, చావుకు వెళ్లినా అతన్ని చెప్పుల దగ్గరే కూర్చోబెట్టేవాళ్లు. "మీ చిన్నాన్నలెవరు?" అంటే జీవితమంతా దగ్గినవాడు మరి. ఆ హాస్యం అతను వినలేదు. విన్నవాళ్లు చెప్పుకుంటుంటే పక్కనుండి విన్నాడు. ఆ రాత్రి అతనికి ఒక మహత్తర విషయం తట్టింది. ఎవరూ లేని ఒక తెగను ఎవరో నలుగురిలో అవమానించారు. షేక్ పదవి ఖాళీగా ఉంది. తనకంటే ముందు ఎవరూ దరఖాస్తు పెట్టలేదు. తెల్లారేసరికి ముజ్బిల్ గుండె మండిపోయింది. అది నటన అనుకుంటే పొరపాటు, నిజంగానే మండింది. జీవితంలో మొదటిసారి తనను అవమానించే ముందు ఎవరో తన తెగ పేరు తలిచారు.

తర్వాత జరిగింది సహజమే. పట్నంలో దగ్గేవాళ్లందరూ ఒక్కొక్కరే దగ్గు మానేశారు. ఊళ్లు మారి వచ్చినవాళ్లు, తెగలు వెలివేసినవాళ్లు, తాత పేరు తెలియనివాళ్లు, తాత పేరు తెలిసీ చెప్పుకోలేనివాళ్లు, అందరూ తాము పుట్టుకతోనే బనీ లక్లక్ వారమని గ్రహించారు. వంశవృక్షాలు గీసే పెద్దాయన ఒకాయన బల్లంత కాగితం మీద ఆకులూ కొమ్మలతో లక్లక్ వంశాన్ని ప్రళయకాలపు నోవహు పడవ దాకా తీసుకెళ్లాడు. పడవలో కూడా వారికి పైఅంతస్తు దక్కిందని కింద చిన్నక్షరాల్లో రాశాడు. టీవీ చర్చలో ఒక మేధావి, భావప్రకటనా స్వేచ్ఛ పరమ పవిత్రమైనదనీ, ఎదుటివారి మనోభావం మొదలయ్యే చోట అది వినయంగా ఆగిపోవాలనీ చెప్పాడు. మనోభావాలు గడప దగ్గరే మొదలవుతున్నాయి గనుక స్వేచ్ఛ ఇంట్లోనే చెప్పులు విప్పుకుని కూర్చుంది. ఇంకో మేధావి తాను ఎల్లప్పుడూ స్వేచ్ఛ పక్షమేననీ, అయితే ఈ ఒక్కసారికి కాదనీ చెప్పాడు. ఆయన ఆ మాట ప్రతి చర్చలోనూ చెబుతాడు.

ఇక మిక్దాద్ విషయం. సినిమా హాలు యజమాని గోడ రాత చూసి, రాజీ అయ్యేదాకా హాలు తలుపు తీసేది లేదన్నాడు. మిక్దాద్‌కు గోడ సంగతి పట్టలేదు, హాలు మూత మాత్రం గుండెలో గుచ్చుకుంది. గురువారం సాయంత్రం వచ్చిందంటే కూలర్ల మధ్య ఒక్కడే నిలబడి గోడలతో మాట్లాడుకునేవాడు. పట్టలేక చివరికి నిజం చెప్పేద్దామని నిశ్చయించుకుని, పోలీసు అధికారి దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, అలాంటి తెగే లేదు. నేనే కల్పించాను."

అధికారి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నెమ్మది! గుమ్మంలో కాపలా ఉన్నవాడు బనీ లక్లకే."

"వాడు కిందటి నెల దాకా మా వీధి జబ్బార్ కొడుకండీ!"

"ఇప్పుడు కాదు. వంశవృక్షంలో ఆకు ఎక్కించుకున్నాడు. లేదని నిరూపించగలవా?"

"లేనిదాన్ని లేదని ఎలా నిరూపిస్తామండీ?"

"మరి ఉన్నదని వాళ్లు నిరూపించారే. సంతకాలు తెచ్చారు, స్టాంపు తెచ్చారు, కోపం తెచ్చారు. నువ్వేం తెచ్చావు? ఉత్త నిజం పట్టుకొచ్చావు." అధికారి జాలిగా చూశాడు. "పో నాయనా. పెద్దమనుషుల్ని తీసుకుని వాళ్ల దగ్గరికెళ్లి కాళ్లావేళ్లా పడు. వాళ్లు క్షమిస్తే నేనీ ఫైలు మూసేస్తాను. లేకపోతే నిన్ను మూసేస్తాను."

ఈ మాట బయటికి పొక్కింది. మిక్దాద్ ఇదివరకు బనీ లక్లక్‌ను ఎగతాళి మాత్రమే చేశాడు, ఇప్పుడు ఏకంగా లేరన్నాడు. ఎగతాళి చేస్తే మనిషి ఉన్నట్టే కదా, లేరనడం హత్య కిందికి వస్తుందని ముజ్బిల్ ప్రకటన ఇచ్చాడు. గోడ మీద ఇంకో కోటు ఎర్ర రంగు పడింది.

రాజీ భారం మిక్దాద్ మేనమామ హాజీ చాసిబ్ మీద పడింది. పడిందనడం కంటే ఆయనే ఎగిరి అందుకున్నాడనాలి. రాజీలంటే హాజీ చాసిబ్‌కు ప్రాణం. పట్నంలో ఎవరు ఎవరిని కొట్టినా, ఎవరి గేదె ఎవరి పొలంలో పడినా, నల్ల అంగీ ఇస్త్రీ చేయించుకుని బయలుదేరేవాడు. కొంతకాలంగా జనం బొత్తిగా కొట్టుకోవడం లేదని దిగులుగా ఉన్నాడు.

"ఏడవకు చెల్లెమ్మా," అన్నాడు ఉమ్ మిక్దాద్‌తో. "అల్లుడు చేసింది మామూలు తప్పు కాదు. నా జన్మలో ఇంత గొప్ప తప్పు చూడలేదు. పట్నం పట్నమంతా కదలాల్సిందే!"

"కదిలి ఎక్కడికెళ్తావన్నయ్యా? వాళ్లకు ఇల్లా, వాకిలా?"

అక్కడే చిక్కొచ్చింది. క్షమాపణకు వెళ్లే పెద్దలు అవమానం పొందిన తెగవారి ముదీఫ్‌కు, అంటే వాళ్ల రెల్లు సావడికి, వెళ్లాలి. అక్కడ ఇచ్చిన చేదు కాఫీని తాగకుండా కింద పెట్టాలి. అడిగింది ఒప్పుకున్నాకే తాగాలి. ముదీఫ్ లేని తెగ కాఫీ ఎక్కడ పోస్తుంది? హాజీ చాసిబ్ వెనకాడే మనిషి కాదు. చిత్తడి నేలల నుంచి పడవల్లో రెల్లు తెప్పించి, పట్నం బయట ఖాళీ దిబ్బ మీద బనీ లక్లక్ వారికి తన చేతులమీదుగా ముదీఫ్ కట్టించాడు. కార్లు వెళ్లడానికి పురపాలకం రోడ్డు వేసింది. రోడ్డు వేశాక పేరు పలక పెట్టింది. కార్లు ఎక్కువవుతాయని కూడలిలో దీపస్తంభం నిలబెట్టింది. మిక్దాద్ ఉండే వీధి మాత్రం అతను పుట్టకముందు నుంచి రోడ్డు కోసం అర్జీలు పెడుతూనే ఉంది. ఆ వీధివాళ్లకు అవమానపడే తెలివితేటలు లేకపోయాయి.

ఆ రోజు ముదీఫ్‌లో ఇసుక వేస్తే రాలనంత జనం. ఒకవైపు క్షమాపణ పెద్దలు. ఎదురుగా బనీ లక్లక్ వారు, అందరూ కొత్త నల్ల అంగీల్లో. మధ్యలో, అందరికంటే ఎత్తుగా, షేక్ ముజ్బిల్. చెప్పుల దగ్గర ఆ రోజు ఎవరూ కూర్చోలేదు. కాఫీ గిన్నె హాజీ చాసిబ్ చేతికి వచ్చింది. ఆయన దాన్ని కళ్లకద్దుకుని కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"యుగయుగాల కీర్తి గల బనీ లక్లక్ వంశీకులారా! మీ తాతల కత్తులు సూర్యుణ్ణి కమ్మేవి. మీ అమ్మమ్మల పొయ్యిలు ఆరేవి కావు. మీ ఆతిథ్యాన్ని మా తండ్రులు కథలుగా చెప్పగా ఉయ్యాలలో విన్నాం. ఆ మహావంశాన్ని ఒక నాలుక గాయపరిచింది. ఆ నాలుక మాది. కోస్తామంటే కోయండి, క్షమిస్తామంటే మీ తాతలకు తగ్గ వారసులనిపించుకోండి. మీరు మాట ఇచ్చేదాకా ఈ కాఫీ ముట్టం!"

ముజ్బిల్ కళ్లు చెమర్చాయి. తన తాతల గురించి అతనికి అన్ని సంగతులు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"హాజీ గారూ, మాకు డబ్బొద్దు," అన్నాడు. "గౌరవం కావాలి. మా మీద పడ్డ మచ్చ ఏమిటో ఈ సభలో బాహాటంగా తెలియాలి. ఆ తర్వాతే క్షమాపణ."

"ఏమిటా మచ్చ?" అన్నాడు ఒక పెద్దాయన.

ముజ్బిల్ పక్కవాడిని చూశాడు. పక్కవాడు ఆ పక్కవాడిని చూశాడు. బనీ లక్లక్‌లో ఒక్కరూ ఆ హాస్యాన్ని సరిగ్గా విన్నవాళ్లు లేరు. అంత బాధపెట్టే మాటను పూర్తిగా వినడం ఆత్మగౌరవం గల మనిషికి సాధ్యం కాదన్నది వారి వాదన. వినని మాటను క్షమించడం ధర్మం కాదని పెద్దలు తేల్చారు. కనుక నేరస్థుడు లేచి, తన నేరాన్ని ఉన్నది ఉన్నట్టు మళ్లీ చేయవలసిందని ఉత్తర్వు అయింది.

మిక్దాద్ లేచాడు. ఇన్ని మొహాల ముందు అతను ఎప్పుడూ నిలబడలేదు. చచ్చిన గొంతుతో మొదలుపెట్టాడు. షేక్ కారు కూడలికి వచ్చింది. దీపం ఎర్రబడింది. నాలుగు మాటలు దొర్లాక నాలుక దారి దానికి తెలిసిపోయింది. ఆగవలసిన చోట ఆగింది, ఎగరవలసిన చోట ఎగిరింది. తానెక్కడున్నాడో మిక్దాద్ మరిచిపోయాడు. మీసం మెలేశాడు. దీపం పచ్చబడింది. "పాపం, వదిలేద్దాం, చిన్నపిల్ల."

ముందుగా ఎవరో ముక్కుతో గుర్రుమన్నారు. ఆ తర్వాత రెల్లు కప్పు లేచిపోయేలా ముదీఫ్ మొత్తం నవ్వింది. కాఫీ పోసేవాడు నవ్వాడు, తుపాకులవాళ్లు నవ్వారు, హాజీ చాసిబ్ అంగీలో మొహం దాచుకుని ఊగిపోయాడు. నవ్వు ఆగాక అందరికీ ప్రమాదం అర్థమైంది. ఒక తెగను చూసి వారి సొంత ముదీఫ్‌లోనే నవ్వారు. ముందుగా నవ్వింది ఎవరు? విచారణ మొదలైంది. వేళ్లన్నీ తిరిగి తిరిగి ఒక్కచోట ఆగాయి. షేక్ ముజ్బిల్ గడ్డం కన్నీళ్లతో తడిసి ఉంది.

వంశవృక్షం పెద్దాయన వెంటనే లేచి వివరణ ఇచ్చాడు. షేక్ గారి నుంచి వెలువడిన ధ్వని నవ్వు కాదనీ, అది తీవ్రమైన వేదన అనీ, పాతకాలపు తెగలలో వేదన ఆ రూపంలోనే వచ్చేదనీ చెప్పాడు. సభ గంభీరంగా తలాడించింది. ముజ్బిల్ మాత్రం కళ్లు తుడుచుకుని మిక్దాద్‌ను దగ్గరికి పిలిచాడు.

"బయటివాడు చెబితే ఇది అవమానం. ఇంటివాడు చెబితే ముచ్చట. అబ్బాయీ, మీ చిన్నాన్నలెవరు?"

మిక్దాద్ దగ్గాడు.

"దగ్గకు. ఆ దగ్గు నాకు తెలుసు," అన్నాడు ముజ్బిల్. "ఇకనుంచి మేమే నీ చిన్నాన్నలం. ఎవడైనా అడిగితే తలెత్తుకుని చెప్పు."

మిక్దాద్‌కు ఎంత ఆపుకున్నా ఏడుపు ఆగలేదు. హాజీ చాసిబ్ కాఫీ గిన్నె ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు. బయట తుపాకులు గాల్లోకి పేలాయి. ఒక కరెంటు తీగ తెగిందే తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

మాట ఇచ్చినట్టే గోడకు సున్నం పడింది, హాలు తలుపు తెరుచుకుంది. అంతటితో ఆగలేదు. ఉమ్ మిక్దాద్‌కు జ్వరమొస్తే బనీ లక్లక్ ఆడవాళ్లు వంతులు వేసుకుని గంజి తెచ్చారు. ఆస్పత్రిలో "చిన్నాన్నలెవరు?" అన్న గుమాస్తా జవాబు విని కుర్చీ తుడిచి ఇచ్చాడు. మిక్దాద్ నడకలో తేడా వచ్చింది. గురువారం వేదిక ఎక్కి, "మా బనీ లక్లక్ వాళ్లు..." అని మొదలుపెట్టగానే హాలు మొత్తం లేచి నిలబడి గుండె మీద చేయి పెట్టుకుంది. ఎవరు చూస్తున్నారో, ఎవరు రాసుకుంటున్నారో అని, ఒక్కరూ నవ్వలేదు. చివర్లో భక్తిగా చప్పట్లు కొట్టారు. మొదటి వారం మిక్దాద్‌కు అది కష్టంగా తోచింది. రెండో వారం అలవాటైంది. మూడో వారం ఆ గౌరవం కాస్త తగ్గినట్టనిపించి, ముందు వరుసలో కూర్చునే ఉన్న మనిషిని గుర్తుపెట్టుకున్నాడు.

ఇదంతా సద్దుమణిగాక ఒక పొద్దున తల్లీకొడుకులు వంటింట్లో కూర్చుని మీగడ రాసుకున్న రొట్టె తింటున్నారు. ఉమ్ మిక్దాద్ చేతిలో ఫోనుంది. పక్క జిల్లాలో ఎవడో కుర్రాడు వేదిక మీద నిలబడి చెబుతున్నాడు. బనీ లక్లక్ వాడొకడు పుచ్చకాయ కొని, అది పక్కవాడి పుచ్చకాయకంటే చిన్నదని తెలిసి, పుచ్చకాయ చేత క్షమాపణ చెప్పించుకున్నాడట. ఉమ్ మిక్దాద్ పకపకా నవ్వింది. చాలా కాలానికి నవ్విందేమో, తలగుడ్డ చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"చూడరా, అచ్చం నీలాగే చెబుతున్నాడు పిల్లాడు!"

మిక్దాద్ రొట్టె కింద పెట్టేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవడు వాడు? వాడి చిన్నాన్నలెవరు?"

"ఎవరైతే ఏంరా, సరదాగా చెప్పాడు."

"సరదా ఏంటమ్మా? నోవహు పడవ నాటి వంశం మనది. వాడి నోటికొచ్చినట్టు అంటాడా? ముజ్బిల్ చిన్నాన్నకు ఫోన్ చెయ్యాలి."

"వంశం ఏంటిరా?" ఉమ్ మిక్దాద్ ఇంకా నవ్వుతూనే ఉంది. "ఆ తెగే లేదు కదా! కూలర్ల కొట్లో కూర్చుని నువ్వే కదరా పుట్టించావు?"

"అమ్మా." మిక్దాద్ గొంతు పెంచలేదు. "ఆ మాట ఇంకోసారి అనకు. నువ్వు కాబట్టి ఊరుకుంటున్నాను."

వేళాకోళమేమోనని ఆవిడ కొడుకు మొహంలోకి చూసింది. పాలు తాగే రోజుల నుంచి వాడి మొహంలో నవ్వు ఏ మూల దాక్కున్నా ఆవిడ పట్టేసేది. ఆ పొద్దున ఎంతసేపు వెతికినా దొరకలేదు. ఆవిడ నెమ్మదిగా లేచి వెళ్లి, తన నవ్వు పక్కింటివాళ్లకు వినపడి ఉంటుందేమోనని భయపడుతూ, కిటికీ మూసింది.